తెలుగు సంఘం ఉంది సరే, వీధి సంఘం ఏది?

మా అమ్మ కాలు విరిగి ఈ శనివారానికి ఆరు వారాలు. రాత్రి ఎనిమిదింటికి గుడి నుంచి వస్తూ, మా వీధి మలుపులో కాలువ మీద పలక లేని చోట అడుగు వేసింది. అక్కడ పలక లేదని అందరికీ తెలుసు, అమ్మకీ తెలుసు. కానీ ఆ మలుపులో స్తంభానికి దీపం వెలగక నాలుగు నెలలైంది. చీకట్లో పలక ఎక్కడ ఉందో ఎక్కడ లేదో ఎవరి కళ్ళకి ఆనుతుంది? అరుపు విని మొదట పరిగెత్తుకొచ్చింది ఎదురింటి ఒడియా మాఉసీ (ఒడియాలో పిన్నిని అలా పిలుస్తారు). ఆవిడా, వాళ్ళబ్బాయీ కలిసి అమ్మని పైకి లాగారు. నేను వెళ్ళేసరికి మాఉసీ తన చీర కొంగుతో అమ్మ కాలి బురద తుడుస్తోంది.

ఊరి పేరు రాయను. ఆంధ్రా సరిహద్దుకి ఇవతల ఒడిశాలో మనవాళ్ళు ఎక్కువగా ఉన్న పట్నాలు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... వీటిలో ఏదనుకున్నా నేను చెప్పే మాట మారదు. పేరు రాస్తే కింద అందరూ ఒక ఆఫీసుని తిట్టేసి వెళ్ళిపోతారు. నాకు ఆఫీసు మీద కోపం లేదా అంటే, ఉంది. కానీ ఈ రోజు రాయాలనుకున్నది మన గురించి.

మర్నాడు మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చిన మొదటి మాట ఏమిటంటే, "మనం తెలుగువాళ్ళం కాబట్టే పట్టించుకోవడం లేదు." ఈ మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. అప్పటి నుంచి తాత తండ్రికి, తండ్రి కొడుక్కి ఈ మాట అప్పజెబుతూనే ఉన్నారు. దానిలో నిజం లేదని నేను అనను. మా నాన్న తెలుగులో చదువుకున్న బడిలో ఇప్పుడు తెలుగు చెప్పే టీచరు లేరు. ఆ బాధ అసలైన బాధ, దాని కోసం సంఘం కొట్లాడుతుంటే నేనూ వెనక నడుస్తాను. కానీ కాలువ మీద పలక సంగతి వేరు. మా వీధిలో సుమారు అరవై ఇళ్ళు. సగం తెలుగు ఇళ్ళు, మిగతావాటిలో ఒడియావాళ్ళు, నాలుగు ముస్లిం కుటుంబాలు, అద్దెకుంటున్న రెండు సవర గిరిజన కుటుంబాలు. ఆ దీపం వాళ్ళెవరికీ వెలగలేదు. రెండేళ్ళ క్రితం అదే కాలువలో మాఉసీ మనవడు సైకిల్‌తో సహా పడ్డాడు. అప్పుడు వాళ్ళింటికి మనలో ఎంతమంది వెళ్ళాం? నేను వెళ్ళలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మన పద్ధతి ఎలా ఉండేదో చెప్తాను. వీధిలో ఏ సమస్య వచ్చినా సంఘంలో ఒక పెద్దాయనకి చెప్పేవాళ్ళం. ఆయనకి ఒడియా బాగా వచ్చు, నలుగురితో పరిచయాలున్నాయి, మంచి మనిషి కూడా. ఆయన వెళ్ళి కౌన్సిలర్ ఇంట్లో నోటి మాటగా చెప్పొచ్చేవారు. "చెప్పాను, చూస్తామన్నారు" అనేవారు. అంతటితో మన పని అయిపోయినట్టే. ఐదేళ్ళలో మా వీధి నుంచి ఒక్క కాగితం వెళ్ళలేదు. ఆయన విశాఖలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాక నోటి మాట కూడా ఆగిపోయింది. నేను ఆఫీసుకి వెళ్ళి "ఈ దీపం గురించి ఎన్నిసార్లో చెప్పాం" అంటే, అక్కడి గుమస్తా "డైరీ నంబరు ఉందా?" అని అడిగాడు. అంటే కాగితం అందిందని ఆఫీసు రిజిస్టరులో రాసుకుని ఇచ్చే నంబరు. నా దగ్గర ఏముంది చూపించడానికి?

కాగితం రాయడానికి మనకి భయం. ఒడియాలో రాయలేం, తెలుగులో రాస్తే తీసుకోరని. రాజ్యాంగంలో 350వ అధికరణం ఉంది. కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా సరే, ఫిర్యాదు రాసి ఏ అధికారికైనా ఇచ్చే హక్కు ప్రతి మనిషికీ ఉందని అది చెబుతుంది. అంటే తెలుగులో రాసిచ్చే హక్కు మనకుంది. ఇది ప్రతి ఇంట్లో తెలియాలి. అదే సమయంలో 1954 చట్టం ప్రకారం ఈ రాష్ట్రం అధికార భాష ఒడియా. ఫైలు ఒడియాలో కదులుతుంది. హక్కు ఉంది కదా అని తెలుగు కాగితం ఒక్కటే ఇచ్చి, దాన్ని చదివే మనిషి కోసం నెలలు కాచుకు కూర్చుంటే దీపం వెలగదు. పక్కింట్లోనే ఒడియా రాసేవాళ్ళు ఉండగా ఎందుకు కాచుకోవాలి?

మేం చేసింది ఇంతే. మాఉసీ కోడలు ఒడియాలో రాసింది, కింద నేను తెలుగులో రాశాను. నలభై ఏడు సంతకాలు, వేలిముద్రలతో కలిపి. "మా వీధిలో దీపాలు లేవు" అని ఊరికే రాయలేదు. పిల్లలు టార్చి పట్టుకుని ఐదు స్తంభాల నంబర్లు రాసుకొచ్చారు. పలక లేని చోటు ఎన్ని అడుగుల పొడవో టేపుతో కొలిచి రాశాం. రెండు కాపీలు తీసుకెళ్ళి, రెండోదాని మీద ముద్ర, తేదీ, డైరీ నంబరు వేయించుకునే దాకా అక్కడి నుంచి కదల్లేదు. పదకొండో రోజున పలక పడింది. ఐదు దీపాల్లో మూడు వెలిగాయి. మిగతా రెండింటికీ తిరుగుతున్నాం. ఈ నెలాఖరుకి వెలగకపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగుతాం. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి.

ఎవరో వచ్చి మనకి కమిటీ వేస్తారని చూడకండి. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం చెబుతుంది. మనలాంటి చిన్న పట్నాలు ఆ లెక్కలోకి రావు. పల్లెల్లో వాళ్ళకి ఊరందరూ కూర్చుని మాట్లాడుకునే పల్లీ సభ అయినా ఉంది. ఇక్కడ కూర్చునే చోటు మనమే వేసుకోవాలి.

ఇప్పుడు కొంతమందికి నచ్చని విషయం రాస్తాను. అమ్మ పడ్డ వారానికే మన కుర్రాళ్ళు పది మంది కర్రలు పట్టుకుని రాత్రి గస్తీ మొదలుపెట్టారు. ఉద్దేశం మంచిదే. మూడో రోజు తెల్లవారుజామున కొండ మీద నుంచి చింతపండు, అడ్డాకులు తెచ్చుకున్న ఒక సవర ఆమెను మలుపులో ఆపేశారు. ఎవరు, ఎందుకొచ్చావు, సంచిలో ఏముంది అని. ఆమెకి మన తెలుగు అంతంత మాత్రం. భయంతో చింతపండు అక్కడే వదిలేసి వెనక్కి పోయింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారనే వాట్సాప్ పుకార్లు నమ్మి ఈ దేశంలో ఎన్నిచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారో మనందరం చదివాం. ఆ దారి ఇలాగే మొదలవుతుంది. ఆమె ఇరవై ఏళ్ళుగా మన గుమ్మాల ముందు కూర్చుని అమ్ముకునే మనిషి. మన వీధి భద్రతలో ఆమె భద్రత లేకపోతే అలాంటి గస్తీ నాకొద్దు.

గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజని మన సంఘం ప్రతి ఆగస్టు 29న ఫొటోకి దండ వేస్తుంది. ఆయన పర్లాకిమిడిలో బడి పంతులుగా పనిచేస్తూ సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ళ కోసం ఆ భాషలో పుస్తకాలు రాశారు, నిఘంటువు తయారు చేశారు. మనమేమో ఆయన ఫొటో ముందు వాడుక భాష గురించి గంటసేపు ఉపన్యాసాలు విని, బయటికొచ్చి ఒక సవర ఆమె సంచి వెతుకుతున్నాం. దండ వేసిన కుర్రాళ్ళలో ఇద్దరు ఆ గస్తీలో ఉన్నారు. వాళ్ళని నేను పిలిచి మాట్లాడాను. ఒకడు ఏడ్చాడు. వాడే మర్నాడు సంతకి వెళ్ళి ఆమెని వెతికి చింతపండు డబ్బు ఇచ్చొచ్చాడు. మంచి పిల్లలే, చేతికి కర్ర ఇచ్చేముందు పెద్దవాళ్ళం ఒక మాట చెప్పలేదు, అంతే.

కెమెరాల విషయం కూడా. మీటింగుకి వచ్చిన మగవాళ్ళందరూ మొదట అడిగింది సీసీ కెమెరా. చందా ఎంత వేసుకుందాం, ఏ కంపెనీ అని అరగంట. చీకటి మలుపులో కెమెరా పెడితే ఏం కనిపిస్తుంది? ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్ల ఇంటికి క్షేమంగా రావాలంటే ముందు దీపం కావాలి, ఆ వేళకి రెండు ఇళ్ళ అరుగుల మీద మనుషులుండాలి. ఈ మాట అన్నది నేను కాదు, మిషన్ శక్తి అనే ఆడవాళ్ళ పొదుపు గ్రూపులో ఉన్న మా పద్మప్ప. ఆ గ్రూపు ఆడవాళ్ళకి లెక్కలు, రిజిస్టరు, మినిట్స్ రాయడం అన్నీ వచ్చు. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు ఏళ్ళుగా ఒకే చాప మీద కూర్చుని పొదుపు డబ్బు లెక్కపెట్టుకుంటున్నారు. మన మగవాళ్ళం ఇన్నాళ్ళూ చేయలేని వీధి సంఘం వాళ్ళ దగ్గర ఎప్పటి నుంచో ఉంది. రిజిస్టరు వాళ్ళ చేతిలోనే ఉండాలని నా అభిప్రాయం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ముఖం మీద చెప్పండి, గ్రూపులో గుసగుసలు వద్దు.

వర్షాలు మొదలయ్యాయి కాబట్టి ఇంకో మాట. డెంగీ దోమ మురుగు కాలువలో కంటే మన ఇంటి మంచి నీళ్ళలోనే ఎక్కువ పెరుగుతుంది, పగలు కుడుతుంది. డ్రమ్ములు, కుండీల కింద పళ్ళేలు, పాత టైర్లు వారానికోసారి ఒంపెయ్యండి. దీనికి ఏ ఆఫీసు డైరీ నంబరూ అక్కర్లేదు.

తిత్లీ తుపాను మీకు గుర్తుందా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మన వీధిలో వేప చెట్టు విరిగి తీగల మీద పడింది. కరెంటు లేని ఆ రోజుల్లో ఎవరి బోరు నీళ్ళు ఎవరు తోడుకున్నారో, ఎవరింట్లో ఎవరు తిన్నారో లెక్క లేదు. చెట్టు కొమ్మలు నరికింది ముస్లిం కుటుంబాల అన్నదమ్ములు, పిల్లలకి పాలు కాచింది మాఉసీ, బియ్యం మన సంఘం ఇచ్చింది. కరెంటు వచ్చిన రోజే ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నాం. తుపాను వస్తేనే మనం ఒక వీధిగా ఉంటామా అని ఆ రోజు నుంచి అడగాలనుకుంటున్నాను, ఇప్పటికి అడిగాను.

ఆదివారం పొద్దున్న ఏడింటికి మా ఇంటి అరుగు దగ్గరికి రండి. అమ్మ కుర్చీ వేయించుకుని అక్కడే కూర్చుంటానంటోంది. మిగిలిన రెండు స్తంభాల కాగితం, మంచినీళ్ళ కుళాయి దగ్గర పగిలిన గట్టు కాగితం ఆ రోజు రాయాలి. ఒడియా రాసేవాళ్ళు ఇద్దరు వస్తామన్నారు. సవర ఇళ్ళకి నేనే స్వయంగా వెళ్ళి చెప్పొచ్చాను. సంతకం పెట్టలేని వాళ్ళ కోసం ఇంకు ప్యాడ్ తెచ్చి ఉంచాను.