సెనేటర్ గారి బొటనవేలికి ఒక బహిరంగ లేఖ

అమెరికా సెనేటర్ గారి బొటనవేలికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమనే అనుకుంటున్నాను, నీకేం కష్టమని, జడ్జీల నియామకానికి ఓటు వేసేటప్పుడు లేవమంటే లేస్తావు, దిగమంటే దిగుతావు.

నన్ను నువ్వెరగవు. నేను మాత్రం నిన్ను 2025 జనవరి నుంచి వదలకుండా చూస్తున్నాను. కారణం మా తమ్ముడు. వాడు సియాటిల్ పక్కన హెచ్-1బీ మీద ఉంటాడు, అప్పటికి మా మరదలికి ఏడో నెల. జనవరి 20న ట్రంప్ గారు సంతకం పెట్టిన కాగితం ప్రకారం ముప్ఫై రోజుల తర్వాత పుట్టే పిల్లలకి, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి తండ్రికి కనీసం గ్రీన్ కార్డు లేకపోతే, పౌరసత్వం లేదు. మరదలికి డెలివరీ మార్చిలో. ఇంక ఇంట్లో టెన్షన్ చూడాలి. ఫిబ్రవరి 20 లోపే ఆపరేషన్ చేయించేసుకుంటే ఎలా ఉంటుందని వాట్సాప్ గ్రూపుల్లో చర్చలు. ముహూర్తం చూసి సిజేరియన్ చేయించడం మనవాళ్ళకి కొత్తేం కాదు గానీ, ఆ ముహూర్తం వైట్ హౌస్ పెట్టడం మాత్రం అదే మొదలు.

మూడు రోజులకి సియాటిల్‌లో ఎనభై దాటిన ఒక ఫెడరల్ జడ్జి ఆ ఆర్డర్ ఆపేశాడు. నలభై ఏళ్ళకి పైగా ఈ కుర్చీలో ఉన్నాను, ఇంత స్పష్టమైన కేసు ఇంకోటి చూసిన గుర్తు లేదన్నాడు. తణుకు నుంచి అమ్మ ఫోను.

"ఆ జడ్జి గారిని ఎవరు వేశార్రా?"

"1981లో రీగన్ వేశాడమ్మా."

"ఏ పార్టీ?"

"ట్రంప్ పార్టీయే."

అవతల కాసేపు చప్పుడు లేదు. "సొంత పార్టీ వాడే ఆపేశాడా! ఆయన్ని ఓకే చేసినవాళ్ళు ఏం చూసి ఓకే చేశార్రా మరి?"

అదిగో, ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెళ్ళి నీ దగ్గర తేలాను.

మీ రాజ్యాంగంలో చాలా సింపుల్‌గా రాశారు, జడ్జి పేరు అధ్యక్షుడు చెప్పాలి, సెనేట్, అంటే మీ పైసభ, సలహా, సమ్మతి ఇవ్వాలి అని. సలహా ఎక్కడ పోయిందో గానీ సమ్మతి భారం మొత్తం నీ మీద పడింది. ఓటింగ్ వీడియోలు కొన్ని చూశాను. క్లర్కు పేర్లు చదువుతూ ఉంటుంది, సెనేటర్లు కాఫీకి వెళ్ళొచ్చినట్టు ఒక్కొక్కరే వస్తారు, పక్కవాడి భుజం మీద చెయ్యేసి ఏదో జోకు చెప్తూనే క్లర్కు కళ్ళల్లో పడేదాకా నిలబడతారు, నిన్నొకసారి పైకో కిందికో ఊపి, వచ్చిన దారినే పోతారు. అంతే, ఒక మనిషికి జీవితాంతం ఉద్యోగం వచ్చేసింది. మా దగ్గర హైకోర్టు జడ్జి 62కి, సుప్రీంకోర్టు జడ్జి 65కి ఇంటికి వెళ్ళాల్సిందే. మీ దగ్గర వాళ్ళంతట వాళ్ళు వెళ్ళాలి, లేదా పైనుంచి పిలుపు రావాలి.

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జడ్జిగా కెటాంజీ బ్రౌన్ జాక్సన్ పేరు మీద ఓటింగ్ జరిగిన రోజు నీ దర్జా మర్చిపోలేను. అందరి ఓట్లూ అయిపోయాయి, ఒక్క సెనేటర్ రాండ్ పాల్ గారు రాలేదు. సభ మొత్తం, కుర్చీలో ఉపాధ్యక్షురాలు కమలా హారిస్‌తో సహా, ఆయన కోసం పడిగాపులు. చివరికి వచ్చాడు, కానీ మెడలో టై లేదు, టై లేకుండా సభలో అడుగు పెట్టకూడదట, అందుకని పక్క గది గుమ్మంలోనే ఆగి నిన్ను మాత్రం సభలోకి పంపాడు. ఒళ్ళంతా బయట, బొటనవేలు లోపల! 53-47తో ఆవిడ గెలిచింది.

మా ఊళ్ళో చదువు రానివాళ్ళు కాగితం మీద ఏముందో తెలియకుండానే నొక్కేస్తారు కాబట్టి వేలిముద్రగాళ్ళు అనే మాట పుట్టింది. మీ వాళ్ళలో సగం మంది పెద్ద పెద్ద లా కాలేజీల్లో చదివినవాళ్ళే. చదివిందంతా పక్కన పెట్టి వాడేది మళ్ళీ నిన్నే.

నువ్వు మొదట్నుంచీ ఇలా లేవు. సుప్రీంకోర్టు జడ్జీల సంగతే చూడు, 1986లో స్కాలియా గారికి 98-0. 1993లో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ గారికి 96-3. ఇద్దరి ఆలోచనలకీ ఉప్పుకీ నిప్పుకీ ఉన్నంత దూరం. అయోవా సెనేటర్ చక్ గ్రాస్లీ గారి వేలు ఆ ఇద్దరికీ పైకే లేచింది. ఆయన ఇప్పటికీ ఉన్నారు, తొంభై దాటాయి. అదే వేలు జాక్సన్ గారి దగ్గరికి వచ్చేసరికి కిందికి తిరిగింది. మధ్యలో 1987లో బోర్క్‌ని 58-42తో ఇంటికి పంపినప్పుడు నీ కీలు ఎక్కడో బెణికిందనుకుంటాను, ఆ తర్వాత మళ్ళీ సరిగ్గా తిరగలేదు.

ఇంక 2016 సంగతి. మార్చిలో ఒబామా గారు సుప్రీంకోర్టుకి మెరిక్ గార్లాండ్ పేరు పంపితే, ఎన్నికల సంవత్సరం కదా అని సెనేట్‌లో మెజారిటీ ఉన్న రిపబ్లికన్లు, అంటే ట్రంప్ పార్టీవాళ్ళు, నిన్ను జేబులోంచి తియ్యనే లేదు. 293 రోజులు! విచారణ లేదు, ఓటు లేదు, కాదు అని చెప్పే మర్యాద కూడా లేదు. పెళ్ళిచూపులకి రమ్మని, గేటుకి తాళం వేసుకుని ఊరెళ్ళిపోయినట్టు. అప్పుడే ఆ పార్టీ సెనేటర్ లిండ్సే గ్రాహం గారు, రేపు మా అధ్యక్షుడి చివరి ఏడాదిలో ఖాళీ వచ్చినా ఇదే రూలు, కావాలంటే నా మాటలు నాకే అప్పజెప్పండి అన్నాడు. 2020 సెప్టెంబరులో గిన్స్‌బర్గ్ గారు పోయారు. ఆయన మాటలు ఆయనకి అప్పజెప్పారు. ఆయన పుచ్చుకుని జేబులో వేసుకుని, జడ్జీల పేర్లు పరిశీలించే కమిటీకి ఛైర్మన్‌గా ఉండి మరీ, ఆ ఖాళీలోకి ట్రంప్ పంపిన ఎమీ కోనీ బారెట్ గారి పని పూర్తి చేశాడు. ఎన్నికలకి ఇంకా ఎనిమిది రోజులుందనగా 52-48.

ఒకే పార్టీని తిడుతున్నానని అనుకోకు. ఇదివరకు చర్చ ఆపి ఓటింగ్‌కి వెళ్ళాలంటే 60 ఓట్లు కావాల్సి వచ్చేది, కాబట్టి అవతలి పార్టీవాళ్ళని కొందరినైనా బతిమాలుకోవాలి. 2013లో కింది కోర్టుల జడ్జీల వరకు డెమోక్రాట్లు ఆ గోడ కూల్చారు. 2017లో రిపబ్లికన్లు సుప్రీంకోర్టుకీ కూల్చారు. లెక్క ఎక్కడిదాకా వెళ్ళిందంటే 2018 డిసెంబరులో జొనాథన్ కోబ్స్ అనే జడ్జికి 50-50 వచ్చి, ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ వేలు కూడా అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది. జడ్జి కోసం ఉపాధ్యక్షుడు ఓటు వేయడం మీ చరిత్రలోనే అదే మొదటిసారి. ఇప్పుడు ఆ వేలు జె.డి. వాన్స్ గారిది. భార్య ఉష చిలుకూరి వారి అమ్మాయి, వాళ్ళ మూలాలు తణుకు పక్కన వడ్లూరులో, కాబట్టి అమ్మ లెక్కలో ఆయన మన పక్కూరి అల్లుడు. "చెప్పి చూడరాదట్రా" అంటుంది. ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి?

ఓటుకి ముందు విచారణ ఉంటుందిగా అంటావేమో. అదీ చూశాను. జడ్జి కాబోయేవాళ్ళని ఏది అడిగినా ఆ విషయం రేపు నా ముందుకు రావచ్చు, అందుకని చెప్పలేను అంటారు. మా పెళ్ళిచూపుల్లో పిల్ల కూడా ఇంతకన్నా ఎక్కువే మాట్లాడుతుంది. లూసియానా సెనేటర్ జాన్ కెనడీ ఒక్కడే కాస్త స్కూలు మాస్టారులా కనిపించాడు. 2017లో తన పార్టీ అధ్యక్షుడు జడ్జి పోస్టుకి పంపిన ఆయన్నే, ఎప్పుడైనా ఒక్క కేసైనా వాదించావా, కోర్టులో రోజూ వినపడే ఫలానా మాటకి అర్థమేమిటి అని వరసగా అడిగితే పాపం నీళ్ళు నమిలాడు, కొద్ది రోజులకే పేరు వెనక్కి తీసుకున్నాడు. 2023లో బైడెన్ పంపిన ఒకావిడని రాజ్యాంగం ఐదో ఆర్టికల్‌లో ఏముందని అడిగితే గుర్తు రాలేదంది. ఎల్.ఎల్.బి. వైవాలో అయితే సప్లీ గ్యారంటీ.

నీ పరువు నిలబెట్టిన సంగతి ఒకటుంది, అదీ చెప్పాలి. 2018లో సుప్రీంకోర్టుకి కావనా గారి ఓటింగ్ రోజునే మోంటానా సెనేటర్ గారి కూతురి పెళ్ళి. అవును అనాల్సిన ఆయన పెళ్ళి పనుల్లో ఉంటే, అలాస్కా సెనేటర్ మర్కౌస్కీ గారు కాదు అనాల్సిన తన ఓటు ఆపుకుని, ఉన్నాను అని మాత్రం చెప్పి ఆయన రాని లోటు సరిచేశారు. 50-48తో కావనా ఎలాగూ గట్టెక్కాడనుకో. అయినా ఎదుటివాడి ఇంట్లో పెళ్ళికి ఓటు ఆపుకోవడం మా అసెంబ్లీలో ఊహించగలవా?

బైడెన్ గారు దిగేసరికి 235 మంది జడ్జీలు. ట్రంప్ మొదటి విడతలో 234. ఒక్క మార్కు ఎక్కువ. పక్కింటి పిల్లాడి కన్నా ఒక్క మార్కు ఎక్కువ తెచ్చుకుని స్వీట్లు పంచే ఇల్లు మా వీధిలోనూ ఉంది.

అమ్మకి ఇదంతా చెప్పడానికి నాకు గంట పట్టింది. అంతా విని, "ఏకలవ్యుడు కోసి ఇచ్చాడు, వీళ్ళు చేతికి ఉంచుకునే ఇచ్చేశారన్నమాట పార్టీకి" అంది. ఆవిడ హరికథలు విన్న మనిషి.

మరదలికి మార్చిలో ఆడపిల్ల పుట్టింది. పాస్‌పోర్టు కూడా వచ్చింది. వీడియో కాల్ ఎప్పుడు చేసినా నీ జాతిదాన్నే నోట్లో పెట్టుకుని, తియ్యమంటే తియ్యకుండా, మా అందరినీ గుడ్లప్పగించి చూస్తూ ఉంటుంది. వేపాకు రసం రాయమని అమ్మ తణుకు నుంచి సలహా ఇచ్చింది. సమ్మతి ఇంకా రాలేదు.

ఇట్లు,
సిరా చుక్క పడ్డ ఒక ఎడమచేతి చూపుడువేలు