సవరణ: సెకండ్ హాఫ్ గెలిచినట్టు ఎప్పుడు?

ఎన్‌బీఏ (ఉత్తర అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లో సెకండ్ హాఫ్ ఎవరు గెలుస్తారన్నదాని మీద ట్రేడింగ్ గురించిన నా పోస్టులో "మ్యాచ్ గెలిచిన జట్టుకే డబ్బులు" అన్న వాక్యం తీసేశాను. లెక్కలోకి వచ్చేది మూడు, నాలుగు క్వార్టర్ల పాయింట్లు, అంటే 24 నిమిషాల ఆట.

హాఫ్‌టైమ్‌కు 60-48తో ముందున్న జట్టు చివరికి 105-101తో గెలిచిందనుకోండి. సెకండ్ హాఫ్ స్కోరు 45-53. మ్యాచ్ వాళ్లదే, కానీ ‘సెకండ్ హాఫ్ వాళ్లే గెలుస్తారు’ అని కొన్న ‘యెస్’ కాంట్రాక్టు విలువ సున్నా. పైగా ఆధిక్యం బాగా పెరిగితే కోచ్‌లు ఆఖర్లో స్టార్లను బెంచ్ మీద కూర్చోబెడతారు, దాంతో సెకండ్ హాఫ్ స్కోరు చేజారొచ్చు. అసలు టెన్షన్ అక్కడే.

స్కోరు సమమైతే ఆడే ఓవర్‌టైమ్ పాయింట్లు కలుపుతారా లేదా అన్నది మార్కెట్‌ను బట్టి మారుతుంది. కొనేముందు కాంట్రాక్టు నిబంధనల్లో ఆ ఒక్క లైను చూసుకోండి.