మా పెరటి గింజల పళ్ళెం గారికి బహిరంగ లేఖ

గుంటూరు, బ్రాడీపేట.

మహారాజశ్రీ గింజల పళ్ళెం గారి సముఖమునకు,

మా పెరట్లో వేపకొమ్మకు మూడు గొలుసులతో వేలాడుతూ, వచ్చిన ప్రతి పక్షికీ కులగోత్రాలు అడగకుండా వడ్డన చేస్తున్న తమ ఔదార్యాన్ని ఎంత పొగిడినా తక్కువే. అయినప్పటికీ ఆ వడ్డనలో జరుగుతున్న కొన్ని అవకతవకలను తమ దృష్టికి తీసుకురావడం తమ ఖర్చు భరిస్తున్నవారిగా మా విధి కనుక ఈ నాలుగు మాటలు రాయవలసి వస్తున్నది.

తమరిని మేము నియమించినది పిచ్చుకల కోసం. ప్రపంచ పిచ్చుకల దినోత్సవం 2010లో మొదలైనప్పటి నుంచీ, ఏటా మార్చి 20 దగ్గరపడేసరికి జనానికి పిచ్చుకల మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చి, చెక్క గూళ్ళు, మట్టి మూకుళ్ళు, తమబోటి పళ్ళాలు అమ్ముడుపోతూ ఉంటాయి. తమరు దిగివచ్చిన అట్టపెట్టె మీద రెండు పిచ్చుకలు ముక్కు ముక్కు రాసుకుంటున్న బొమ్మ ఉన్నది. పావురం బొమ్మ మేము ఎంత వెతికినా కనిపించలేదు. జాబితాలో లేనివారికి తమరు రెండు పూటలా విందు చేస్తున్నారన్నదే మా మొదటి ఫిర్యాదు.

ఆ విందు జరిగే తీరును కూడా తమ రికార్డుల కోసం ఇక్కడ నమోదు చేస్తున్నాము. తెల్లవారగానే ప్రహరీగోడ మీదికి మొదట ఒక్క పావురమే వస్తుంది. మెడ మీద ఊదా, ఆకుపచ్చ మెరుపులు మారుతూ ఉండగా, ప్రతి అడుగుకూ తల ఆడిస్తూ గోడ పొడవునా పచార్లు చేసి, ఇంట్లోవాళ్ళు ఇంకా కాఫీల దగ్గరే ఉన్నారని రూఢి చేసుకున్నాక, తమ అంచు మీదికి ఎగిరి వాలుతుంది. పాతిక, ముప్పై గ్రాముల పిచ్చుకను మనసులో పెట్టుకొని తగిలించిన గొలుసులు కావడం వలన, సుమారు 300 గ్రాముల ఆ భారానికి తమరు ఒక పక్కకు ఒరిగిపోతారు. గింజలు జలజలా రాలతాయి. మిగిలినవాటిని ఆ అతిథి ముక్కుతో కుడికీ ఎడమకూ చిమ్మి, జొన్నలను ఏరుకుని, కొర్రలను కిందికి తోసేస్తుంది. కింద పచ్చిక మీద దాని బంధుగణం అప్పటికే దిగి ఉంటుంది. అంటే తమరు నడుపుతున్నది పైన ఒక పంక్తి, కింద ఒక పంక్తి ఉన్న పెద్ద సత్రమే. రాత్రి పొద్దుపోయాక మూడో పంక్తి కూడా సాగుతున్నదని పందికొక్కుల బొరియలు చూశాక తెలిసింది. ఎవరి పేరున సత్రం వెలిసిందో ఆ పిచ్చుక మాత్రం మందార కొమ్మ మీద కూర్చుని, చూసి చూసి ఎదురింటి చూరుకు వెళ్ళిపోతున్నది.

పచ్చిక ప్రస్తావన వచ్చింది కనుక అది కూడా చెప్పవలసిందే. కడియం నర్సరీల నుంచి పలకలుగా తెప్పించి పరిపించిన ఆ గడ్డిలో ఇప్పుడు సజ్జ మొలకలు, జొన్న మొలకలు దర్జాగా తలెత్తుతున్నాయి. తమకు సరిగ్గా కిందనున్న భాగంలో నిత్యం సాగే తొక్కుళ్ళ వలన గడ్డి పలచబడి మట్టి తేలింది. ఆ ఖాళీలో చల్లిన గడ్డి విత్తనాలు ఫలహారం పద్దులోకి చేరిపోయాయి. వ్యవసాయశాఖ వారు చూస్తే మాకు ఏదైనా రాయితీ మంజూరు చేస్తారేమో తెలియదు.

ఈ పావురాలను పంపించే ఉపాయాలకు మా వీధిలో లోటు లేదు. మా పక్కింటి పెద్దాయన, గుంటూరువారికి సహజమైన ఆత్మవిశ్వాసంతో, గింజల్లో గుప్పెడు కారం కలపమన్నారు. మిరప యార్డు గేటు దాటకముందే పొరుగూరివాళ్ళు తుమ్ముల మీద తుమ్ములు తుమ్మే ఊరిలో ఇంతకంటే గొప్ప ఆయుధం ఉంటుందని ఎవరు మాత్రం అనుకోగలరు? కాని మిరపకాయ ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ మనుషుల నోటిలో, ఉడుతల నోటిలో, ఎలుకల నోటిలో మంట రేపుతుంది గాని, పక్షులలో ఆ మంటను కనిపెట్టవలసిన గ్రాహకం దానికి స్పందించదు. గింజను పళ్ళతో నమిలి పాడుచేసే జంతువును తరిమి, చెక్కుచెదరకుండా మింగి దూరాన విసర్జించే పక్షిని రానివ్వడం మిరప మొక్కకు లాభం. పచ్చిమిరపకాయలను రామచిలుకలు అంత తీరికగా కొరుక్కుతినేది కూడా ఆ అభయంతోనే. ఫలితంగా, ఎవరికీ అడ్డురాని మా ఉడుత మూతి తుడుచుకుంటూ పారిపోయింది. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం పొడి పట్టించిన జొన్నలను పావురాలు ఇంకా శ్రద్ధగా ఆరగించాయి. పెద్దాయన మాత్రం తప్పంతా కల్తీ కారానిదేనని ఇప్పటికీ నమ్ముతున్నారు.

ప్లాస్టిక్ గుడ్లగూబను పిట్టగోడ మీద నిలబెడితే మా అత్తగారు ఇంటికి అరిష్టమని పూటంతా అన్నం ముట్టలేదు. పావురాలకు అటువంటి పట్టింపులేవీ లేకపోవడం వలన, అది కదలదని తేల్చుకున్న తరువాత దాని తల మీదే కూర్చున్నాయి. వేలాడదీసిన పాత సీడీల మెరుపు కొన్నాళ్ళు పనిచేసింది. మనిషి చెవికి వినబడని ధ్వనితో పక్షులను తరుముతుందని చెప్పి అమ్మే యంత్రం గురించి చెప్పాలంటే, అంత హెచ్చు స్థాయి ధ్వని పావురానికీ వినబడదు. మనకు అందని మంద్రధ్వనులను పసిగట్టే చెవి దానిది. కొన్నవారికీ, తరమవలసినవారికీ సమానంగా వినిపించని యంత్రానికి అంత ధర ఎందుకో అమ్మేవారే చెప్పాలి. ఇక జిగురు పట్టీలు, విషపు గింజలు అమ్మజూపేవారిని మేము గుమ్మం దగ్గరే ఆపేశాము. పిచ్చుకకూ పావురానికీ తేడా తెలిసిన జిగురు ఎక్కడా లేదు, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మాత్రం ఉన్నది.

తమ తరఫున వాదించేవారిలో ప్రథములు మా వీధి చివరి భక్తులు. రోజూ పొద్దున్నే కూడలిలో శేరుడు జొన్నలు గుమ్మరించి, వచ్చే పోయే స్కూటర్లను ఆపి పుణ్యం సంపాదించుకునే ఆయన మాకు శిబి చక్రవర్తిని గుర్తు చేశారు. శిబి ఒక్క పావురాన్ని కాపాడడం కోసం తన తొడ మాంసం కోసి త్రాసులో పెట్టిన మాట నిజమే. కాని ఆ పావురం అగ్నిదేవుడు, తరుముకొచ్చిన డేగ దేవేంద్రుడు. పరీక్ష ముగిశాక ఇద్దరూ మర్యాదగా స్వర్గానికి వెళ్ళిపోయారు. మా పెరట్లో వారు వెళ్ళడం లేదు.

వెళ్ళకపోవడంలో వారి తప్పు కూడా లేదని ఒప్పుకోవాలి. పావురం పుట్టుకతో కొండచరియల పక్షి. మంగళగిరి 11 అంతస్తుల గాలిగోపురమైనా, మా రెండంతస్తుల మేడ మీది ఏసీ పెట్టె అయినా దానికి కొండచరియే. నాలుగు పుల్లలు అడ్డంగా పడేసి అదే గూడు అనుకుంటుంది. రెండు గుడ్లు పెడుతుంది, సుమారు 18 రోజులు పొదుగుతుంది. పిల్లలకు మొదటి రోజుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ తమ గొంతుసంచిలో ఊరే పాలవంటి పదార్థాన్నే పట్టిస్తారు కనుక, చాలా పక్షుల వలె పురుగుల కాలం కోసం ఆగవలసిన పని వారికి లేదు. తిండి దొరికితే చాలు, ఏడాది పొడవునా సంసారమే. అందుచేత తమరు వడ్డించే ప్రతి శేరూ వచ్చే నెల అతిథుల సంఖ్యకు పెట్టుబడి అవుతున్నది. ఈ లెక్క తెలిసిన స్విట్జర్లాండు నగరం బాసెల్‌లో 1988 నుంచి పావురాలను చంపడం మీద కాక, జనం గింజలు చల్లడం మాన్పించడం మీద దృష్టి పెడితే నాలుగైదేళ్ళలో గుంపులు దాదాపు సగానికి తగ్గాయి. లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో గింజలు వేయడాన్ని 2003లో నిషేధించారు, వెనిస్‌లో సెయింట్ మార్క్ చౌకులో 2008లో గింజల అమ్మకాన్ని ఆపించారు. ముంబయిలో పావురాలకు గింజలు వేసే కబూతర్‌ఖానాల మూసివేత 2025లో హైకోర్టు దాకా నడిచింది. మన కూడలి భక్తులు ఇవేవీ వినరు, అది వేరే సంగతి.

మాకు కోపం తెప్పించినది తిండి కాదు, తిన్న తరువాతి కార్యక్రమం. తులసికోట అంచుల మీద, ఆరవేసిన పంచెల మీద, పెరటి నల్లా మీద తెల్లని చారలు కట్టి, ఎండకు పెళుసెక్కి, చీపురు తగలగానే పొడిగా లేస్తున్నాయి. ఆ పొడిలో హిస్టోప్లాస్మా, క్రిప్టోకాకస్ వంటి శిలీంధ్రాలు ఉండవచ్చు. అదే పనిగా పీలిస్తే కొందరి ఊపిరితిత్తులు అలర్జీతో వాచి, నానాటికీ గట్టిపడతాయి. అందుకని మా ఇంట్లో ఇప్పుడు రెట్టలను ముందు నీళ్ళతో తడిపి, మూతికి గుడ్డ కట్టుకుని, ఆ తరువాతే కడుగుతున్నాము. ఈ పనికి కూలి తమ పద్దులోనే రాసుకుంటున్నాము.

ఇక తమ పోటీదారుని పరిచయం చేయాలి. సంక్రాంతి నాటికి తెనాలి వైపు నుంచి వచ్చిన బంధువు ఒకరు కొత్త వరికంకులు జడగా అల్లి కట్టిన కుచ్చు ఒకటి తెచ్చి మా వసారా దూలానికి వేలాడదీశారు. దానికి అంచు లేదు, అడుగు లేదు, వాలడానికి జానెడు చోటు లేదు. పిచ్చుక వచ్చి కాలివేళ్ళతో కంకిని పట్టుకుని, తలకిందులుగానైనా సరే వేలాడుతూ, ఒక్కొక్క గింజే లాగి పొట్టు వలుచుకుని తింటుంది. పావురం కాళ్ళు చదునైన చోట నడవడానికి పనికివస్తాయే గాని, ఊగే కంకికి వేలాడడానికి కావు. అది వచ్చి, రెక్కలు టపటపలాడించి, గాలిలో నిలవలేక నేల మీదికి దిగి, రాలిన నాలుగు గింజలు ఏరుకుని పోతున్నది. ఏ దినోత్సవమూ లేని కాలంలో రైతు ఇంటి చూరుకు కట్టిన ఆ కుచ్చుకు, ఎవరు రావాలో ఎవరు రాకూడదో తమరికంటే బాగా తెలుసు. తమ చదునైన వెడల్పే పావురానికి పీట వేస్తున్నది.

తమరిని ఒక్కసారిగా కొలువు నుంచి తొలగించడం మాకు ఇష్టం లేదు కనుక ఈ కింది ఏర్పాట్లు చేశాము. పట్నంబజారులో కొన్న వెల్డ్ మెష్‌తో తమ చుట్టూ ఒక పంజరం కట్టిస్తున్నాము. దాని కన్ను సుమారు నాలుగు సెంటీమీటర్లు, కాబట్టి పిచ్చుక దూరుతుంది, పావురం దూరదు. మెడ చాచినా ముక్కు అందకుండా జాలీని తమకు జానెడు దూరంలో నిలుపుతున్నాము. జొన్నలు, మొక్కజొన్న, గోధుమలు పూర్తిగా నిలిపివేస్తున్నాము. కొర్రలు, నూకలు మాత్రమే, అవి కూడా ఉదయం పిచ్చుకలు తినగలిగినంతే ఇస్తాము. ఒక్క పావురం రోజుకు సుమారు 30 గ్రాములు తినగలదు కనుక, గుప్పెడు మిగిలినా సత్రం మళ్ళీ తెరుచుకుంటుంది. రాలినవి పట్టడానికి కింద ఒక చేట, సాయంత్రం ఆ చేట దులిపి ఊడ్చే పని మాది. పచ్చిక కోలుకునే వరకూ తమ మకాం సిమెంటు గచ్చు మీదికి మారుతుంది. ఏసీ పెట్టె వెనుక సందుకు, గూడు ఖాళీగా ఉన్నప్పుడు చూసి, వల బిగిస్తాము. కొన్నాళ్ళు పాత అతిథులు గోడ మీద వరుసగా కూర్చుని నిరసన తెలుపుతారని తెలుసు. వారికి మనుషుల ముఖాలు గుర్తుంటాయి కాబట్టి గింజలు వేసేవారి వైపే చూస్తారు. ఆ చూపులకు కరిగిపోయే అలవాటు మా ఇంట్లో ఒకరికి ఉన్నది, వారిని వేరుగా హెచ్చరించాము.

ఈ షరతులు తమకు సమ్మతం కానట్లయితే, తమరిని మజ్జిగ మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి ఇవ్వమని మా అత్తగారు ఎప్పటినుంచో అడుగుతున్నారు. పావురాలకు కారం తెలియదన్న సంగతి ఆవిడకు మేము ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
తమ గింజల ఖర్చు భరిస్తున్న
గృహస్థు