డౌరోలో చదును రోడ్డు పిన్యావ్ వరకే
నది పక్కనే రోడ్డు కాబట్టి పోర్చుగల్‌లోని డౌరో లోయలో సైకిల్ యాత్ర ఎవరికైనా తేలికేనని ఓ వ్యాసంలో చదివాను. రెగువా పట్టణం నుంచి పిన్యావ్ ఊరి దాకా అయితే ఒప్పుకుంటాను, ఎన్222 రోడ్డు నీళ్లను ఆనుకునే పోతుంది. ఆ తర్వాతే అసలు సంగతి. రోడ్డు నదిని వదిలేసి సావ్ జువావ్ ద పెస్కైరా అనే ఊరి వైపు కొండెక్కుతుంది, ఒడ్డు వెంట సాగేది ఇక రైలు పట్టాలే. మేం సెప్టెంబరులో వెళ్లాం, ద్రాక్ష కోతల రోజులు. మలుపు మలుపుకీ చిన్న గేరు వేసి తొక్కుతుంటే వెనక నుంచి పళ్ల లారీలు. రాతి గోడలు కట్టి మెట్లు మెట్లుగా వేసిన ఆ తోటలు చూడ్డానికి ఎంత బాగున్నా, పలకల్లా చీలే ఆ నల్లటి రాయి పగలంతా కాగి సాయంత్రం కూడా సెగ కక్కుతుంది, నీడ అన్న మాటే లేదు. జులై, ఆగస్టుల్లో అక్కడ ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది, ఆ నెలల జోలికి పోకపోవడమే మేలు. మా ఆవిడ తెలివిగా పిన్యావ్‌లో ఆగిపోయి, స్టేషన్ గోడల మీద నీలి పలకల్లో గీసిన ద్రాక్ష కోతల బొమ్మలు తీరిగ్గా చూసింది. కొత్తవాళ్లు కూడా అక్కడిదాకా తొక్కి, ఆ రైలు దారి చివరి స్టేషన్ పోసిన్యో వరకూ రైల్లో వెళ్తే సరిపోతుంది. కొండ ఎక్కాలని పట్టుదల ఉంటే ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకోండి, నామోషీ ఏం లేదు.