నీళ్లు నమిలే ముల్లు

కారు డ్యాష్‌బోర్డు మీద అందరికన్నా మర్యాదస్తుడెవరంటే టెంపరేచర్ గేజ్ ముల్లే. స్పీడోమీటర్ ముల్లు ఎగిరెగిరి పడుతుంది. ఆర్‌పీఎం ముల్లు కాలు తగిలితే చాలు ఉలిక్కిపడుతుంది. పెట్రోల్ ముల్లు ఎప్పుడు చూసినా దిగాలుగా కిందికి జారుతూనే ఉంటుంది. టెంపరేచర్ ముల్లు మాత్రం ఇంజన్ కాస్త వేడెక్కగానే చల్లదనానికి గుర్తయిన ‘సి’కి, వేడికి గుర్తయిన ‘హెచ్’కి సరిగ్గా మధ్యలో నిలబడుతుంది. ఇక ఎండలో పెట్టినా, కొండ ఎక్కించినా, ట్రాఫిక్‌లో గంటసేపు నిలబెట్టినా అక్కడి నుంచి కదలదు. నిండుకుండ తొణకదంటారే, అలాగన్నమాట.

అలాంటి పెద్దమనిషిని నేను అనుమానించాను. ముల్లును ముల్లుతోనే తీయాలని పక్కనే ఇంకో గేజ్ బిగించాను. ఆ తర్వాత నా బతుకు ఏమైందో చెప్పి, మిగతావాళ్లనైనా కాపాడటం పౌరుడిగా నా ధర్మం. ఎవరైనా తమ ట్రాక్ కారుకి, అంటే రేసు ట్రాక్ మీద సరదాగా తోలే కారుకి, టెంపరేచర్ గేజ్ పెట్టుకోవాలనుకుంటే ముందు ఇద్దరు పెద్దమనుషుల పూచీకత్తు, ఒక మానసిక వైద్యుడి సర్టిఫికెట్ తేవాలని నా డిమాండ్. కారణాలు వినండి.

కంపెనీ ముల్లు అబద్ధం చెబుతుందన్నది నిజమే. అది నేనూ ఒప్పుకుంటాను. చాలా కార్లలో ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల వేడి దాదాపు 75 డిగ్రీల నుంచి 105 దాకా ఎక్కడున్నా ముల్లు మధ్యలోనే ఉండేలా సర్దిపెడతారు. ముప్పై డిగ్రీల తేడాని ఒక్క చిరునవ్వుతో దాటేస్తుంది. అడిగితే నీళ్లు నములుతుంది. పాపం, దాని ఉద్యోగమే నీళ్లతో.

ఇలా ఎందుకు చేశారంటారా? ముల్లు నిజాయితీగా ఉన్న రోజుల్లో అది అందరి ముందే కదిలేది. సిగ్నల్ దగ్గర కారు ఆగితే కొంచెం పైకి, మళ్లీ బయల్దేరితే కొంచెం కిందికి. అది చూసి జనం కంగారుగా సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తేవాళ్లు. ‘ముల్లు కదులుతోందండీ’ అనేది వాళ్ల ఫిర్యాదు. ‘కదలడమే దాని పనండీ’ అని చెప్పిచెప్పి మెకానిక్కుల నోళ్లు నొప్పెట్టాయి. ఇంజన్‌కి జబ్బు లేదు, ఓనరుకి బెంగ. ఇంజనీర్లు బాగా ఆలోచించి మందు ముల్లుకి వేశారు.

అయితే కారుకి నిజం తెలియదనుకోకండి. లోపలున్న కంప్యూటర్‌కి నీళ్ల వేడి డిగ్రీ డిగ్రీ తెలుసు. పెట్రోల్ ఎంత చిమ్మాలో, ఫ్యాన్ ఎప్పుడు తిప్పాలో అది చూసే తేలుస్తుంది. కారు జబ్బులు చదవడానికి స్టీరింగ్ కింద పెట్టే ఓబీడీ పోర్టులో స్కానర్ గుచ్చితే దానికీ దాచకుండా చెప్పేస్తుంది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కొత్త పెట్రోల్ కారుకీ ఓబీడీ-2 అనే ఈ ఏర్పాటు తప్పనిసరి. అంటే ఫ్యాన్‌కి తెలుసు, ఇంజెక్టర్‌కి తెలుసు, మెకానిక్‌కీ తెలుసు. ఓనరుకే తెలియదు. పెద్దాయన మెడికల్ రిపోర్టు ఇంట్లో అందరూ చదివేసి, ఆయన దగ్గరికొచ్చి మాత్రం ‘ఏం లేదు నాన్నా, కాస్త నీరసం, అంతే’ అన్నట్టు.

ఈ దాపరికం ఊరికే పుట్టలేదు, దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. మొదట్లో కార్ల లోపల ఈ గేజే ఉండేది కాదు. 1912లో హారిసన్ బోయ్స్ అనే ఆయన మోటోమీటర్ అని ఒక థర్మామీటర్‌కి పేటెంట్ పొందాడు. దాన్ని కారు ముందుండి ఇంజన్ నీళ్లని చల్లార్చే రేడియేటర్ మూత మీద నిలబెట్టేవాళ్లు. డ్రైవరు అద్దంలోంచి చూస్తే కారు ముక్కు మీద ఎర్ర గీత పైకి పాకడం కనపడేది. అదైనా నీళ్ల వేడి చూపించేది కాదు, నీళ్ల పైనుండే ఆవిరి వేడి చూపించేది. మొదటి రోజు నుంచీ ఈ వంశంలో సూటిగా మాట్లాడినవాడు లేడని గమనించగలరు. తర్వాత గేజ్ డ్యాష్‌బోర్డులోకి వచ్చింది. 1930లలో హడ్సన్ కంపెనీ కొన్ని గేజ్‌లు తీసేసి వాటి స్థానంలో ఎర్ర దీపాలు పెట్టింది. వాటికి జనం ముద్దుగా ‘ఇడియట్ లైట్’ అని పేరు పెట్టారు. ఇడియట్ దీపమా, దాన్ని చూసేవాడా అన్నది ఇప్పటికీ తేలలేదు.

మాజ్డా కంపెనీ మియాటా అనే స్పోర్ట్స్ కారు కథ ఇంకా ముచ్చటైనది. తొలి మోడళ్లలో ఆయిల్ ప్రెషర్ గేజ్ నిజమైనది. ప్రెషర్‌ని బట్టి ముల్లు లేచేది, పడేది. 1995 మోడల్ నుంచి అదే చోట, అదే ముఖంతో ఇంకో ముల్లు కూర్చుంది. దాని వెనక ఉన్నది ఉత్త స్విచ్. ప్రెషర్ ఉంటే మధ్యలో నిలబడుతుంది, లేకపోతే పడిపోతుంది. దీపానికి ముల్లు వేషం వేశారన్నమాట. స్పోర్ట్స్ కారు నడిపేవాళ్లు కూడా మనశ్శాంతికి అర్హులేనని గుర్తించిన తొలి మానవతావాదులు వాళ్లు.

రోడ్డు మీద ఈ ఏర్పాటుకి ఏ లోటూ లేదు. ట్రాక్ మీద ఇరవై నిమిషాలు కాలు తీయకుండా తొక్కితే మాత్రం, మధ్య ముల్లు నిద్రలేచి ఎర్రగీత వైపు చూసే సరికే ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంకరపోయి, దాని కింద సీలులా ఉండే గ్యాస్కెట్ చీలిపోయి ఉండొచ్చు. అందుకే ట్రాక్ పక్కన కార్లు ఆపే పిట్‌లో ప్రతివాడూ ‘గేజ్ పెట్టుకో అన్నా’ అంటాడు. ఆ ‘అన్నా’ అన్న పిలుపే నన్ను ముంచింది.

గేజ్ వ్యాసం 52 మిల్లీమీటర్లు. అరచేతిలో ఇమిడిపోయే ఈ వస్తువుని డ్యాష్‌బోర్డులో ఎక్కడ పెట్టాలన్నది మూడు వారాల సమస్య. ముందద్దం పక్కనుండే స్తంభం మీద పెడితే అందంగా ఉంటుంది కానీ, సరిగ్గా ఏ మలుపు తిరగాలో ఆ మలుపుకే అడ్డం. స్టీరింగ్ వెనక పెడితే ఆర్‌పీఎం కనపడదు. కింద పెడితే మోకాలు తప్ప ఎవరూ చదవలేరు. చివరికి రేడియో పీకేసి ఆ కంతలో కూర్చోబెట్టాను. పాటలు పోయాయి, ప్రవచనం మొదలైంది.

సెన్సర్ పెట్టడానికి రేడియేటర్ పైగొట్టాన్ని రెండు ముక్కలుగా కోసి, మధ్యలో అల్యూమినియం అడాప్టర్ దూర్చి, దానికి సెన్సర్ బిగించాలి. ఇన్నాళ్లూ రెండే క్లిప్పులతో ఒక్క చుక్క కారకుండా కాపురం చేసిన గొట్టానికి ఇప్పుడు నాలుగు క్లిప్పులు. ఈ లెక్క అప్పుడు నాకు తట్టలేదు.

మొదటి రోజు గేజ్ ముల్లు కదల్లేదు. పది నిమిషాలు ఇంజన్ నడిపినా అట్టడుగునే పడుకుంది. ఇంత చల్లని ఇంజన్ ప్రపంచంలో ఇంకెవరికీ లేదని గంటసేపు గర్వపడ్డాను. తర్వాత తెలిసింది. ఈ రకం సెన్సర్ వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, అది చూసి గేజ్ డిగ్రీలు చెబుతుంది. దీనికి వైరు ఒకటే. ఎర్త్ తన ఒంటి ద్వారానే తీసుకోవాలి. నా సెన్సర్ రెండు రబ్బరు ముక్కల మధ్య వేలాడుతోంది, రబ్బరుకి ఎర్త్ ఎక్కడిది? సర్క్యూటే పూర్తికాలేదు కాబట్టి గేజ్ దృష్టిలో నా ఇంజన్ మంచుగడ్డ. అడాప్టర్‌కి ఎర్త్ వైరు బిగించగానే ముల్లు లేచి నిలబడింది.

అంతటితో అయిందా? హెడ్‌లైట్లు వేస్తే గేజ్ మీద వేడి పెరిగేది, ఆర్పితే తగ్గేది. గేజ్ ఎర్త్‌ని డ్యాష్‌బోర్డు వెనక లైట్ల ఎర్త్‌తో కలిపేశానని తేలడానికి ఇంకో ఆదివారం పట్టింది. నిజం ఎంత గొప్పదైనా, దానికీ నిలబడటానికి మంచి నేల కావాలట.

అన్నీ సరిచేసుకుని ట్రాక్ మీదికి వెళ్లాను. ట్రాక్ చుట్టూ మొదటి ల్యాప్‌లో 88 డిగ్రీలు. రెండో ల్యాప్‌లో 94. మూడో ల్యాప్ మధ్యలో 101.

నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయని చిన్నప్పుడు బెత్తంతో నేర్పిన చదువు. చెమటలు పట్టాయి. కాలు తీసేసి, ఇండికేటర్ వేసుకుని, శవయాత్రలా పిట్‌కి చేరాను. మెకానిక్ వచ్చి చూసి, నా వైపు జాలిగా చూశాడు. “రేడియేటర్ మూత ఎందుకుంది సార్? ప్రెషర్ కుక్కర్ లాంటిదే కదా. కూలెంట్ సగం, నీళ్లు సగం పోసి, మూత మంచిదైతే 120 దాటినా మరగదు” అన్నాడు. మరి 101 అంటే? “101 అంటే 101 సార్.”

ఇదీ నిజంతో వచ్చే చిక్కు. కంపెనీ ముల్లు ‘బాగుంది’ అని అర్థం చెప్పేది. నా ముల్లు అంకె చెప్పి ఊరుకుంటుంది, టెన్షన్ పడే పని నాకు అప్పగించింది.

అప్పటి నుంచి నేను కారు నడపడం మానేసి గేజ్ నడపడం మొదలుపెట్టాను. గంటకి 180 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 50 మీటర్లు. ఒక్క సెకను గేజ్ వైపు చూస్తే 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టు. ల్యాప్‌కి నేను చూసే చూపులన్నీ కలిపితే, ట్రాక్‌లో నేను ఎప్పుడూ చూడని భాగం చాలానే ఉంటుంది. పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ రెండుసార్లు మర్యాదగా, మూడోసారి అరిచి చెప్పాడు: “ముల్లు కాదండీ, మలుపు చూడండి!”

దీనికి పాత రేసర్ల దగ్గర ఒక ఉపాయం ఉంది. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ముల్లు నిట్టనిలువుగా పైకి ఉండేలా గేజ్‌నే తిప్పి బిగిస్తారు. అంకెలు వంకరగా, తలకిందులుగా ఉన్నా పర్వాలేదు. ఓరకంట చూస్తే నిలువు, అంటే మంచిది. వంగితే చెడ్డది. నేనూ అలాగే తిప్పి బిగించాను. బిగించాక దూరంగా నిలబడి చూస్తే ఒక విషయం గుండెకి తగిలింది: అన్నీ బాగుంటే మధ్యలో నిలబడే ముల్లు. అది కారుతో పాటు ఉచితంగానే వచ్చింది కదా!

వేడి తగ్గించడానికి ఇంకో చిట్కా చెప్పారు. హీటర్ ఫుల్‌గా తిప్పమని. హీటర్ లోపలున్నది కూడా చిన్న రేడియేటరే, ఇంజన్ వేడి కొంత అటు పోతుంది. ఎటు? నా కాళ్ల మీదికి. హెల్మెట్, గ్లవ్స్, మందపాటి సూట్ వేసుకుని, ఎండాకాలంలో హీటర్ పెట్టుకుని, ఇంజన్‌ని మూడు డిగ్రీలు చల్లబరిచాను. ఆ మూడు డిగ్రీలూ నాకొచ్చాయి.

ఆ తర్వాత ఆయిల్ గేజ్ వచ్చింది. నీళ్లు బాగానే ఉన్నా ఆయిల్ ఆలస్యంగా వేడెక్కుతుంది, ఒకసారి ఎక్కిందంటే దిగమన్నా దిగదు, అసలు ప్రమాదం అక్కడే ఉందని ‘అన్నా’ అని పిలిచినాయనే చెప్పాడు. ఆయన గేర్‌బాక్స్‌కీ, చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్‌కీ కూడా గేజ్‌లు పెట్టాడు. పిట్‌లో మా మాటలన్నీ ఐసీయూ బయట బంధువుల మాటల్లా ఉంటాయి. “మనవాడికి ఎంతుంది?” “ఇందాక 118. ఇప్పుడు 112కి దిగింది.” “హమ్మయ్య.” ల్యాప్ టైమ్ ఎంతని ఎవరూ అడగరు. అడిగితే బాగుండదు కూడా.

మొన్న మొన్నటి ట్రాక్ డేలో మాత్రం నా కష్టం ఫలించింది. నాలుగో ల్యాప్‌లో ముల్లు 104 దగ్గరుంది. అయిదో ల్యాప్‌లో తనంతట తానే 97కి వచ్చింది. నేనేమీ చేయలేదు. తర్వాత 90. తర్వాత 82. ఇన్ని నెలల తర్వాత ఇంజన్ చల్లబడుతోంది! హీటర్ ఆపేశాను. కాలు నేలకి ఆనేదాకా తొక్కాను. కంపెనీ ముల్లు వైపు చూశాను, మధ్యలో ఉంది. నా ముల్లు వైపు చూశాను, 76. పక్కపక్కన పెట్టిన నాటి నుంచి ఆ ఇద్దరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. వెనక కారాయన ఎందుకో ఒకటే లైట్లు కొడుతున్నాడు. దారి అడుగుతున్నాడనుకున్నాను. ఆ ఊపులో ఎందుకిస్తాను? అద్దంలో వెనకంతా తెల్లగా కనిపిస్తోంది. పొద్దుటి మంచు ఇంకా పోలేదనుకున్నాను.

పిట్‌లో బానెట్ ఎత్తాక మెకానిక్ చాలాసేపు మాట్లాడలేదు. గేజ్ కోసం కొత్తగా వేసిన రెండు క్లిప్పుల్లో ఒకటి ఊడి పక్కకి పడి ఉంది.

“నీళ్లు అయిపోయాయి సార్.”

“మరి ముల్లు కిందికి దిగిందే!”

“సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటే నీళ్ల వేడి చెబుతుంది. నీళ్లు లేకపోతే గాలి వేడి చెబుతుంది. అది తప్పు చెప్పలేదు సార్. దాని దగ్గరున్నది చెప్పింది.”

కారుని ట్రక్కు మీదికి ఎక్కిస్తుంటే ఆపి, ఎందుకైనా మంచిదని ఒకసారి తాళం తిప్పి చూశాను. కంపెనీ ముల్లు మధ్యలో ఉంది.