గింజ మీది, బేరం మాది

రైతుకు పండించడం తెలుసు. అమ్మడం మాత్రం గంభీరమైన శాస్త్రం, దాన్ని మట్టి చేతులకు వదిలేయడం క్షేమం కాదు. ఈ సూత్రాన్ని కెనడా పాటించినంత నిష్ఠగా మరో ప్రజాస్వామ్యం పాటించి ఉండదని నా నమ్మకం.

1935లో అక్కడ గోధుమ బోర్డు పుట్టింది. ధరలు కుప్పకూలిన రోజులవి. ఇష్టమున్న రైతు బోర్డుకు అమ్మేవాడు, లేనివాడు మానేసేవాడు. 1943 నుంచి ఇష్టం ప్రస్తావన ఎత్తేశారు. పశ్చిమాన ఉన్న మానిటోబా, సస్కాచెవాన్, ఆల్బెర్టా రాష్ట్రాల గోధుమ విదేశాలకు పోవాలంటే బోర్డు ద్వారానే పోవాల్సి వచ్చేది. బోర్డు ముందు కొంత సొమ్ము చేతిలో పెట్టేది, ఏడాది అమ్మకాలన్నీ ముగిశాక సగటు కట్టి మిగతాది ఇచ్చేది. ధర పెరిగినప్పుడు అమ్మానన్న పొంగు లేదు, పడినప్పుడు అమ్మానన్న కుంగు లేదు. మునులు ఏళ్ల తరబడి తపస్సు చేసి సాధించే స్థితప్రజ్ఞతను పార్లమెంటు ఒక్క చట్టంతో రైతుకు ప్రసాదించింది. ఒంటారియో రైతులు ఈ బోర్డు పరిధిలోకి వచ్చేవారు కాదు. తూర్పున పుట్టినవాళ్లకు బేరసారాలు పుట్టుకతోనే వస్తాయి కాబోలు.

అలాగని దారులన్నీ మూసేశారనడం అన్యాయం. సొంత గోధుమను సరిహద్దు దాటించి తానే అమ్ముకోవాలనుకునే రైతు ముందుగా దాన్ని బోర్డుకు అమ్మాల్సి వచ్చేది. ఆపైన బోర్డు చెప్పిన ధరకు తిరిగి కొనుక్కోవాల్సి వచ్చేది. గింజ గాదె దిగేది కాదు, రైతు మాత్రం తన పంటకు తానే గిరాకీ అయ్యేవాడు. ఇంత సదుపాయం ఉండగా 1996లో కొందరు లైసెన్సు లేకుండానే గోధుమను అమెరికాకు తోలారు. అందులో ఒకాయన తీసుకెళ్లింది ఒకే ఒక్క బుషెల్, అంటే సుమారు 27 కిలోలు. అదీ అమ్మడానికి కాదు, మోంటానాలో పిల్లల క్లబ్బుకు దానమివ్వడానికి. దానానికీ లైసెన్సు కావాలన్న ఇంగితం ఉండొద్దూ! జరిమానా కట్టబోమని భీష్మించిన 13 మంది ఆల్బెర్టా రైతులు 2002లో లెత్‌బ్రిడ్జ్ జైలుకు వెళ్లారు.

తర్వాత స్వేచ్ఛావాదుల ప్రభుత్వం వచ్చింది. బోర్డు గుత్తాధిపత్యం ఉండాలా, పోవాలా అని 2011లో బోర్డే రైతుల ఓటు కోరింది. ఓటేసిన గోధుమ రైతుల్లో 62 శాతం ఉండాలన్నారు. వాళ్ల భయం వాళ్లది: పెద్ద కంపెనీ గుమ్మం ముందు ఒంటరిగా నిలబడి బేరమాడేవాడికి ఎంత బలముంటుందో వాళ్లకు తెలుసు. ఈ భయాన్ని నేనైతే తేలిగ్గా తీసుకోను. ప్రభుత్వం తీసుకుంది. రైతుల ఇష్టానికి విలువ ఇవ్వాలన్న పట్టుదలతో రైతుల ఓటును పక్కన పెట్టి చట్టం చేసింది. 2012 ఆగస్టు 1 నుంచి స్వేచ్ఛ వద్దన్నవాళ్లకు కూడా స్వేచ్ఛ తప్పనిసరైంది. ఆ రోజే ప్రధాని స్టీఫెన్ హార్పర్ జైలుకెళ్లిన రైతులకు క్షమాభిక్ష ప్రకటించారు. సొంత గోధుమ అమ్ముకున్న నేరం ఎట్టకేలకు మాఫీ అయింది.

ఇక మిగిలింది బోర్డు. 2015లో అందులో 50.1 శాతం వాటా ధాన్య వ్యాపారం చేసే బంగీ కంపెనీ, సౌదీ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ కలిసి పెట్టిన కూటమికి 25 కోట్ల కెనడా డాలర్లకు దక్కింది. నీళ్లు చాలక తన నేల మీద గోధుమ సాగుకు అప్పట్లో స్వస్తి చెబుతూ ఉన్న దేశం సౌదీ. గోధుమ అమ్మకాల్లో వాళ్లకున్న అనుభవం గురించి పార్లమెంటులో ఎవరికీ బెంగ కలిగినట్టు లేదు.