ఇల్లంతా మీదే, మోటరు స్విచ్చి తప్ప

కడప ఏడురోడ్ల దగ్గర నాలుగు రోజులకు పెద్ద ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్లు లెక్కల్లో గట్టివాళ్లై ఉండాలి. ప్రకటనలో ‘16 మంది హాయిగా పడుకోవచ్చు’ అని ఉంటుంది. మూడు పడకగదుల్లో ఆరుగురు, హాల్లో దివాన్ మీద ఇద్దరు. తక్కిన ఎనిమిది మందికీ పరుపులు, అంటే నేల. మంచాలు ఎటూ అల్లుళ్లకు పోతాయి, నేల పిల్లనిచ్చినవాళ్లకు మిగులుతుంది.

ఇక నీళ్లు. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లని సర్కారు లెక్క. 16 మందికి 2,160. మేడ మీది ట్యాంకు వెయ్యి లీటర్లది. అంటే రోజుకు రెండుసార్లు నింపినా చాలదు. నింపే మోటరు స్విచ్చి తాళం వేసిన గదిలో ఉంటుంది, తాళంచెవి ఓనరు దగ్గర, ఓనరు బెంగళూరులో. ఫోన్ చేస్తే, ‘నీళ్లకేం కరువన్నా, మొన్ననే బోరేయించినాం’ అంటాడు. నిజమే, బోరు వేయించాడు.

ఎట్లాగో తాళం తీయించారనుకుందాం. టన్నున్నర ఏసీలు మూడు తిరుగుతుంటే దాదాపు 5 కిలోవాట్లు. ఇండక్షన్ పొయ్యి 2, ఇస్త్రీపెట్టె 1, మోటరు ఒకటిన్నర. అన్నీ కలిపితే తొమ్మిదిన్నర. లోడు మించితే కరెంటు ఆపేసే 32 ఆంపియర్ల ఎంసీబీ మోసేది ఏడు చిల్లర. కాసేపటికి అది పడిపోతుంది, మోటరూ ఆగుతుంది. ఎంసీబీ డబ్బా ఎక్కడంటారా? మోటరు స్విచ్చి పక్కనే, మళ్లీ తాళం వేసిన ఆ గదిలోనే. అందుకే అడ్వాన్సు ఇచ్చేముందు అడగాల్సింది బాల్కనీ గురించి కాదు, ఆ గది తాళంచెవి గురించి. దిగిన పది నిమిషాల్లో అన్నీ ఒకేసారి వేసి అరగంట చూడాలి. మర్యాదస్తులు ఈ పని చెయ్యరు, చీకట్లో కూర్చుంటారు.

‘సందడి గల వీధి’ అన్నమాట మాత్రం అబద్ధం కాదు. లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మోగకూడదని 2000 నాటి నిబంధన. టమోటాల బండి మైకు దాన్ని తు.చ. తప్పకుండా పాటించి, సరిగ్గా ఆరింటికి మొదలవుతుంది. రాత్రి కిటికీ కింద కారం దోశ పెనం మీద అట్లకాడ గీకే చప్పుడుకు నిబంధనేమీ లేదు. ఉన్నా, దాని మీద ఫిర్యాదు చేసే మనిషి కడపలో ఇంకా పుట్టలేదు.

అసలు కథ ఖాళీ చేసే రోజు నడుస్తుంది. వంటగట్టు మన కడప బండే. నల్లగా, అద్దంలా ఉంటుంది, కానీ జాతికి సున్నపురాయి. నిమ్మచెక్క బోర్లించినా, చింతపండు పులుసు ఒలికినా, కాసేపట్లో పులుపు మెరుపును తినేసి బూడిదరంగు మచ్చ మిగిలిస్తుంది. అది మరక కాదు, తోమితే పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. డిపాజిట్లో కోత దానికే. కాబట్టి పెట్టెలు దించకముందే గట్టును ఫోటో తీసి ఓనరుకు పంపాలి. పంపనివాళ్లు ఆ బండను కొన్నట్టే. వాళ్లకు ముందు దిగినవాళ్లూ కొన్నారు, వెనక దిగేవాళ్లూ కొంటారు. పాలిష్ మాత్రం ఇంకా పట్టలేదు.